ఎక్కువ అమ్ముడుపోయే స్పీకర్లే మంచివా? తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో మనవాళ్లు కొత్త ఫ్లాట్‌లోకి మారినా, ఇంట్లో ఎవరికైనా బోనస్ వచ్చినా, డిసెంబరు కచేరీలు మొదలైనా నాకు ఫోన్లు వస్తుంటాయి. "ఏ స్పీకర్లు కొనమంటారు?" అని మొదలై, కాసేపటికే "ఫలానావే ఎక్కువ పోతున్నాయట కదా" అన్న దగ్గరికి వస్తుంది మాట. అవే అనుమానాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. కూర్చుని పాట వినడానికి ఒక ఆంప్ (స్పీకర్లకి పవర్ ఇచ్చే యాంప్లిఫయరు), రెండు స్పీకర్లు పెట్టుకునేవాళ్ల కోసం ఇది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరే మొదలుపెట్టండి, జవాబు అక్కడే పూర్తవుతుంది.

## కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

ఇన్ని వేలమంది కొన్నారంటే బాగుందనేగా? అందరూ తప్పు చేస్తారా?

అమ్మకాల అంకె చెప్పేది ఒక్కటే: ఇంతమంది డబ్బు కట్టారని. ఎందుకు కట్టారో అది చెప్పదు. వీధి చివర మెస్ ముందు రోజూ క్యూ ఉందంటే, అక్కడ తిన్నవాళ్లే మళ్లీ వస్తున్నారని అర్థం. రుచి చెడితే వారం తిరిగేసరికి క్యూ ఉండదు. స్పీకర్ల సంగతి అలా ఉండదు. చాలామంది వినకుండానే కొంటారు, పదేళ్లకోసారి కొంటారు, కొన్నాక పక్కన ఇంకో జత పెట్టి పోల్చి చూడరు. కాబట్టి నచ్చకపోవడం అనేది అమ్మకాల లెక్కలోకి చేరే దారే లేదు. ధర, దగ్గర్లో షాపు ఉండటం, ఈఎంఐ, దీపావళి ఆఫరు, టీవీతో కలిపి ఇవ్వడం, సోఫా రంగుకి మ్యాచ్ కావడం ఇవన్నీ ఆ అంకెలో కలిసిపోయి ఉంటాయి. సౌండు వాటా కూడా కొంత ఉంటుంది. అది ఎంతో విడదీయడం మన వల్ల కాదు.

అంటే మామూలు జనానికి మంచి సౌండు తెలియదంటారా?

అస్సలు అనను. ఈ మాట అనే హై-ఫై పెద్దమనుషుల మీద నాకు కోపం కూడా. మామూలు చెవికి బాగానే తెలుసని పరీక్షలే చెబుతున్నాయి. స్పీకర్లు తయారుచేసే హర్మన్ కంపెనీలో పనిచేసిన షాన్ ఆలివ్ 2003లో ఒక అధ్యయనం ప్రచురించాడు. నాలుగు స్పీకర్లను తెర వెనక పెట్టి, శిక్షణ పొందిన 12 మందికీ, శిక్షణ లేని 256 మందికీ వినిపించారు. ఆ 256 మందిలో కాలేజీ పిల్లలు, ఆడియో షాపుల వాళ్లు, మార్కెటింగ్ వాళ్లు, రివ్యూలు రాసేవాళ్లు ఉన్నారు. ఏది బాగుంది, ఏది బాలేదు అన్న వరసలో రెండు గుంపులూ దాదాపు ఒకే మాట మీద ఉన్నాయి. శిక్షణ ఉన్నవాళ్ల తీర్పు మళ్లీ మళ్లీ అడిగినా నిలకడగా ఉంది, తేడాలను వాళ్లు ఇంకా స్పష్టంగా పట్టుకున్నారు. అంతే తేడా.

జనం చెవిలో లోపం లేదు. తెర కట్టి, నాలుగూ పక్కపక్కన వినిపించి, అప్పుడు డబ్బు కట్టమనే షాపు మనకు లేదు. మెజారిటీకి వినే అవకాశమే రాలేదు కాబట్టి, అమ్మకాలను మెజారిటీ చెవి ఇచ్చిన తీర్పుగా నేను ఒప్పుకోను.

ఎవరి చెవి వాళ్లది. నాకు నచ్చిందే నాకు క్వాలిటీ. కాదంటారా?

పాట విషయంలో అవును. స్పీకరు పని వేరు. గాయకుడు, మృదంగం వాయించినాయన, రికార్డింగ్ ఇంజినీరు కలిసి ఒకటి తయారు చేసి పంపారు. దాన్ని మన గదిలోకి మార్చకుండా తేవడమే స్పీకరు ఉద్యోగం. కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో ఫ్లాయిడ్ టూల్ 1980ల్లో చేసిన బ్లైండ్ పరీక్షల్లో తేలింది ఇదే: పేరు, ఆకారం కనపడకుండా వింటే ఎక్కువమంది ఇష్టపడేది మొగ్గులేని స్పీకర్లనే. అంటే బాస్ (మందమైన కింది శబ్దం) నుంచి ట్రెబుల్ (సన్నని పై శబ్దం) దాకా ఏ భాగాన్నీ పెంచకుండా, తగ్గించకుండా, పక్కలకు వెళ్లే శబ్దం కూడా అదే తీరులో ఉండేవాటిని. ఆయన 1991లో హర్మన్‌లో చేరాడు. స్పీకర్లు అమ్ముకునే కంపెనీ చేసిన పరిశోధన అని అనుమానం రావడం సహజమే, కానీ పునాది పడింది ప్రభుత్వ ప్రయోగశాలలో.

బాస్ కాస్త ఎక్కువ తక్కువలు మాత్రం మనిషికీ మనిషికీ మారతాయి. అది ఆంప్ మీద ఉన్న బాస్ నాబ్‌తో తీరే సంగతి.

కళ్లతో చూస్తే చెవి మారిపోతుందా? అతిగా చెబుతున్నారేమో.

టూల్, ఆలివ్ 1994లో సరిగ్గా ఇదే పరీక్షించారు. 40 మంది, అందరూ ఆడియో కంపెనీ ఉద్యోగులే. నాలుగు స్పీకర్లు తీసుకుని, వాటినే ఒకసారి తెర వెనక, ఒకసారి కళ్లెదుట వినిపించారు. కనబడగానే పెద్దగా, ఖరీదుగా ఉన్నవాటికి మార్కులు పెరిగాయి. ప్లాస్టిక్ డబ్బాల చిన్న సిస్టమ్ చీకట్లో బాగానే మార్కులు తెచ్చుకుంది, వెలుగులో పడిపోయింది. నాకు అంతకంటే ముఖ్యమనిపించింది ఇంకోటి. తెర ఉన్నప్పుడు స్పీకరును గదిలో వేరే చోటికి జరిపితే తేడా వినిపించిందని చెప్పినవాళ్లే, చూస్తూ విన్నప్పుడు ఆ తేడాను పెద్దగా పట్టించుకోలేదు. కళ్లు అప్పటికే తీర్పు చెప్పేశాయి.

చరిత్రలో బాగా అమ్ముడుపోయిన స్పీకర్లు నిజంగా మంచివేనా?

కొన్ని అవును, కొన్ని కాదు, కొన్ని వేరే కారణానికి మంచివి. ఒక్కొక్కటిగా చెబుతాను, ఎందుకంటే ఈ ప్రశ్నకి అసలు జవాబు ఈ కథల్లోనే ఉంది.

అమెరికాలో అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ 1954లో గాలి చొరబడని చిన్న పెట్టెలో లోతైన బాస్ వచ్చేలా స్పీకరు తెచ్చింది. దాన్ని రూపొందించింది ఎడ్గర్ విల్చర్. ఆ తర్వాత వచ్చిన ఏఆర్-3తో వాళ్లు హాళ్లలో ప్రదర్శనలు పెట్టారు: వాద్యకారులు వాయిస్తూ వాయిస్తూ మధ్యలో ఆపేస్తారు, స్పీకర్లు అందుకుంటాయి, ఎప్పుడు మారిందో జనం చెప్పాలి. చాలామంది చెప్పలేకపోయారు. 1960ల మధ్యకల్లా అమెరికా మార్కెట్లో దాదాపు మూడో వంతు ఆ ఒక్క కంపెనీదే. ఇక్కడ క్వాలిటీ, అమ్మకాలు చేతులు కలిపాయి. జనానికి వినిపించారు, జనం విని కొన్నారు.

1968లో బోస్ 901 వచ్చింది. తొమ్మిది చిన్న డ్రైవర్లు (శబ్దం పుట్టించే భాగాలు), వాటిలో ఎనిమిది గోడవైపు తిరిగి ఉంటాయి. గది నిండా శబ్దం పరచుకోవడం చాలామందికి నచ్చింది. కొద్ది మార్పులతో దశాబ్దాల పాటు అమ్మారు. అయితే 1970లో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక దాన్ని పరీక్షించి, వాద్యాలు ఒకచోట నిలబడకుండా గదిలో తిరుగుతున్నట్టు అనిపిస్తోందని రాసింది. కంపెనీ దావా వేసింది. అది అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1984లో పత్రిక పక్షాన ముగిసింది. కోర్టు తేల్చింది పత్రికా స్వేచ్ఛ సంగతే, సౌండు సంగతి తేల్చలేదు. పాపులారిటీకి కారణం ఆ కొత్త అనుభూతి. వయొలిన్ ఎక్కడ కూర్చుందో తెలియాలనుకునేవాళ్లకి అది లోపమే.

యమహా ఎన్ఎస్-10 కథ ఇంకో రకం. 1978లో ఇళ్ల కోసం తెచ్చారు. ఇళ్లలో పెద్దగా ఆదరణ రాలేదు, పై స్థాయి, అంటే ట్రెబుల్, గరుకుగా ఉంటుందని పేరు పడింది. 1980ల్లో మాత్రం స్టూడియో ఇంజినీర్లు ఎత్తుకున్నారు. మిక్స్‌లో (గొంతునీ వాద్యాలనీ కలిపే పనిలో) తప్పులు ఇందులో ముఖం మీద కొట్టినట్టు తెలుస్తాయి కాబట్టి. ట్రెబుల్ భరించలేక, దాన్ని పలికే చిన్న డ్రైవరు అయిన ట్వీటరు మీద టిష్యూ పేపరు అంటించుకుని మరీ వాడారు. తెల్లటి కోన్‌తో (శబ్దానికి కదిలే గరాటు లాంటి భాగం) ఆ నల్ల పెట్టె ప్రపంచంలో సగం స్టూడియో ఫొటోల్లో కనిపిస్తుంది. కోన్‌కి కావలసిన గుజ్జు దొరక్క 2001లో ఆపేశారు. 2008లో దానికి టెక్నికల్ గ్రామీ కూడా వచ్చింది. ఇంత కీర్తి ఉన్నా, సాయంత్రం కూర్చుని పాటలు వినడానికి దాన్ని నేను ఎవరికీ చెప్పను. పనిముట్టుగా గొప్పది, ఇంటికి తోడుగా కాదు.

క్వాడ్ కంపెనీ 1957లో తెచ్చిన ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరుది (కోన్ బదులు పల్చటి పొర కదిలే రకం) దీనికి తలకిందులు. గొంతు పలికే మధ్య స్థాయి స్పష్టతలో ఆ కాలంలో దానికి సాటి తక్కువ, ఇప్పటికీ విన్నవాళ్లు వదలరు. కానీ పెద్ద పలక, ఎక్కువ వాల్యూమ్ పెట్టలేం, గోడకి ఆనించి పెట్టలేం. అందరి ఇళ్లలోకీ వెళ్లే వస్తువు కాదది. ఇక 2012లో వచ్చిన కెఫ్ ఎల్ఎస్50 విపరీతంగా అమ్ముడుపోయింది, కొలతల్లోనూ చక్కగా నిలిచింది.

అయితే పాపులర్‌గా లేనివే అసలైనవా? చిన్న కంపెనీల చేతిపని స్పీకర్లు వెతకాలా?

అదీ పొరపాటే. తక్కువ అమ్ముడుపోవడానికి బాలేకపోవడం కూడా ఒక కారణం కావచ్చు. కొన్ని లక్షల ఖరీదు చేసే అరుదైన మోడళ్లలో, పది వేల రూపాయల పెట్టెలో కూడా క్షమించలేని ఎగుడుదిగుళ్లు ఉంటాయి. పేరు వినలేదు కాబట్టి మంచిదనుకోవడం, పేరు విన్నాం కాబట్టి మంచిదనుకోవడం లాంటిదే.

## ఇంట్లో కూర్చుని వెతికేటప్పుడు

4.4 స్టార్లు, వేలల్లో రేటింగులు ఉన్నాయి. ఇంకేం కావాలి?

ఆ స్టార్లలో డెలివరీ బాయ్ త్వరగా రావడం, ప్యాకింగ్ చెదరకపోవడం, బ్లూటూత్ వెంటనే కలవడం అన్నీ ఉంటాయి. చాలా రేటింగులు మొదటి వారంలోనే పడతాయి, కొత్త వస్తువు సరదా తగ్గకముందే. అదీగాక ఆ మనిషి ఇంతకుముందు విన్నది టీవీ స్పీకరో, ఫోనో అయితే దాని పక్కన ఏదైనా అద్భుతమే. అబద్ధం చెప్పాడని కాదు, పోల్చుకోవడానికి అతని దగ్గర ఇంకోటి లేదు.

స్టార్లు వదిలేసి ఒకటి రెండు నక్షత్రాలు ఇచ్చినవాళ్ల మాటలు చదవండి. "ఏడాదికే ఒక పక్క రావడం లేదు", "సర్వీసు సెంటరు కోయంబత్తూరులో ఉందట" లాంటివి నిజంగా పనికొస్తాయి. సౌండు సంగతి మాత్రం వాటి నుంచి తేల్చుకోకండి.

పెద్ద బ్రాండు అయితే ఏ మోడలైనా కళ్లు మూసుకుని కొనొచ్చా?

బ్రాండు అనేది ఒక గొడుగు. జేబీఎల్ పేరే తీసుకోండి: పెళ్లి పందిట్లో దద్దరిల్లే పార్టీ స్పీకర్లూ ఆ పేరుతోనే వస్తాయి, స్టూడియో మానిటర్లూ ఆ పేరుతోనే. ఆ కంపెనీ హర్మన్‌ది, హర్మన్ 2017 నుంచి శామ్‌సంగ్‌ది. రెండు మోడళ్లు రూపొందించే మనుషులు వేరు, లక్ష్యాలు వేరు. మోడలు పేరుతోనే చూడాలి. పేరున్న బ్రాండ్లకి ఇంకో తలనొప్పి నకిలీలు. పాపులర్ అయినదాన్నే కాపీ కొడతారు కదా, బిల్లు లేకుండా సగం ధరకు వస్తుంటే ఆగండి.

పెట్టె మీద 2000 వాట్లు అని ఉంది. ఎక్కువ వాట్లున్నవే ఎక్కువ పోతాయి కదా?

పోతాయి, అందుకే ఆ అంకె వేస్తారు. 1990ల్లో టేప్ రికార్డర్ల మీద "పీఎంపీఓ" అని వందలు, వేలు రాసేవారు గుర్తుందా? అది ఒక్క క్షణం, ఏదో ఒక లెక్కలో వచ్చే గరిష్ఠం. దానికి అందరూ ఒప్పుకున్న ప్రమాణం అంటూ లేదు. ఆర్ఎంఎస్ అని ఉన్న అంకె చూడండి, అది ఆగకుండా ఇవ్వగలిగే పవర్.

అంతకంటే ముఖ్యమైనది సెన్సిటివిటీ. ఒక వాటు పవర్ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ శబ్దం వస్తుందో చెబుతుంది. 84 ఉన్న స్పీకరు, 90 ఉన్న స్పీకరంత గట్టిగా మోగాలంటే నాలుగు రెట్లు పవర్ కావాలి, ఎందుకంటే ప్రతి 3 డెసిబెల్స్‌కి పవర్ రెట్టింపవుతుంది. పన్నెండు అడుగుల గదిలో మామూలుగా వినేవాళ్లకి చాలాసేపు ఖర్చయ్యేది ఒకటి రెండు వాట్లే. మిగిలినది మృదంగం దెబ్బ లాంటి క్షణాల కోసం.

కొలతల గ్రాఫులు చూడమంటారు. నాకు అందులో ఏం అర్థమవుతుంది?

ముందు, "50 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్" అని, అంటే ఎంత లోతు బాస్ నుంచి ఎంత పై ట్రెబుల్ దాకా పలుకుతుందో, ఒక్క ముక్క రాసి వదిలేస్తే అది కొలత కాదు. ఎన్ని డెసిబెల్స్ అటూ ఇటూలో అని కూడా ఉండాలి. ప్లస్ ఆర్ మైనస్ 3 అంటే ఫర్వాలేదు.

ఇప్పుడు చాలామంది స్వతంత్ర పరీక్షకులు సీటీఏ-2034 అనే ప్రమాణం ప్రకారం గ్రాఫు వేస్తున్నారు. స్పీకరు చుట్టూ అడ్డంగా, నిలువుగా ప్రతి 10 డిగ్రీలకు ఒకటి చొప్పున 70 కొలతలు తీసి కొన్ని గీతల్లోకి కుదిస్తారు. పైనున్న గీత నేరుగా ఎదురుగా వచ్చే శబ్దం. అది సమంగా ఉండాలి. కింది గీతలు గోడలు, సీలింగ్ తగిలి వచ్చేది. అవి ఎడమ నుంచి కుడికి మెల్లగా, మెలికలు లేకుండా దిగాలి. రెండు మూడు గీతల్లో ఒకే చోట చిన్న గుట్ట కనిపిస్తే, అక్కడ పెట్టెగానీ కోన్‌గానీ తన సొంత గొంతు కలుపుతోందని అర్థం. ఆడగొంతులో 'స' 'ష' లు గుచ్చుకోవడం, మగగొంతు డబ్బాలోంచి వచ్చినట్టుండటం ఇలాంటి గుట్టల వల్లే.

ఈ గీతల నుంచి జనం ఇష్టాన్ని ముందే అంచనా వేయొచ్చా అని ఆలివ్ 2004లో 70 స్పీకర్ల మీద చూశాడు. అంచనాకీ, బ్లైండ్ పరీక్షలో వచ్చిన మార్కులకీ సహసంబంధం 0.86 వచ్చింది (1 అంటే రెండూ పూర్తిగా కలిసినట్టు). మనుషుల ఇష్టాయిష్టాల విషయంలో ఇది చాలా గట్టి అంకె. అందులో బాస్ వాటా దాదాపు 30 శాతం. చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకరు ఎంత బాగున్నా, ఏదో లోటు అనిపించేది అందుకే.

ధర ఎక్కువైతే క్వాలిటీ ఎక్కువేగా?

కొంత దూరం వరకు నిజం. మంచి డ్రైవరు, గట్టి పెట్టె, సరైన క్రాసోవర్‌కి (బాస్, ట్రెబుల్ విడదీసి ఏ డ్రైవరుకి ఏది అన్నది పంచే సర్క్యూటు) డబ్బు అవుతుంది. ఆ తర్వాత పెరిగే ధరలో చెక్క పనితనం, దిగుమతి సుంకం, డీలరు మార్జిన్, పెట్టె బరువు ఉంటాయి. అందం కోసం డబ్బు పెట్టడం తప్పేమీ లేదు, హాల్లో రోజూ కనబడేది అదే. సౌండు కోసం పెట్టానని మాత్రం అనుకోవద్దు.

## షాపులో

"ఇదే ఎక్కువ పోతోంది సార్" అంటున్నాడు. నమ్మొచ్చా?

రిచీ స్ట్రీట్‌లో అయినా, అన్నా సాలై షోరూములో అయినా ఆ మాట నిజమే అయి ఉండొచ్చు. కానీ ఒక షాపులో ఏది ఎక్కువ పోతుంది? ఎదురు వరసలో పెట్టింది, స్టాకు ఉన్నది, మార్జిన్ బాగున్నది, కొనేవాళ్లు ముందే యాడ్‌లో చూసి వచ్చింది. అబ్బాయిని తప్పుపట్టక్కర్లేదు, అతనికీ నెలాఖరు టార్గెట్ ఉంటుంది. "సరే తమ్ముడూ, దీని పక్కన అదే ధరలో ఇంకోటి కలిపి వినిపించు" అనండి. వినిపించడానికి ఒప్పుకునే షాపుకి ఒకటి రెండు వేలు ఎక్కువిచ్చినా నష్టం లేదని నా అభిప్రాయం.

రెండు జతలు మార్చి మార్చి వినిపించారు. రెండోది కళ్లు మూసుకుని చెప్పొచ్చు, అంత బాగుంది. తీసుకోనా?

ఆగండి. రెండిట్లో ఏది గట్టిగా మోగిందో చూశారా? వాల్యూమ్ నాబ్ ఒకే చోట ఉన్నా, సెన్సిటివిటీ 4 డెసిబెల్స్ ఎక్కువున్నది అంత మేరకు గట్టిగా మోగుతుంది. మన చెవికి కొంచెం గట్టిగా ఉన్నదే నిండుగా, స్పష్టంగా తోస్తుంది. శబ్దం తక్కువైనప్పుడు చెవి బాస్‌ని, ట్రెబుల్‌ని తక్కువగా పట్టుకుంటుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపించారు. ఒక్క డెసిబెల్ తేడా కూడా తీర్పు మార్చేయగలదు, అది "గట్టిగా ఉంది" అని అనిపించదు, "బాగుంది" అనిపిస్తుంది.

చేయాల్సింది చిన్న పని. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ వేసుకోండి. మీరు కూర్చున్న చోటే ఫోన్ పెట్టి, పింక్ నాయిస్ అనే జోరు వాన లాంటి శబ్దాన్ని రెండు జతల మీదా ప్లే చేయించి, అంకె ఒకటే వచ్చేదాకా నాబ్ తిప్పించండి. యాప్ చూపే అంకె కచ్చితం కాకపోయినా ఫర్వాలేదు, పోల్చడానికి ఒకే ఫోన్ చాలు. ఆ తర్వాత మళ్లీ వినండి. ఇందాక బ్రహ్మాండంగా తోచింది ఇప్పుడు గీపెడుతున్నట్టు ఉండటం మామూలే.

ఏ పాటలు తీసుకెళ్లాలి? వాళ్లు పెట్టే డెమో పాటలు చాలవా?

డెమో పాటలు ఏ స్పీకరు మీదైనా బాగుండేవే ఏరి పెడతారు: గిటారు ఒకటి, ఒక ఆడగొంతు, మధ్యలో గంట మోత. మీకు గుండెల్లో ఉన్న పాటలు పట్టుకెళ్లండి.

ఒక కచేరీ రికార్డింగు తప్పనిసరి. మృదంగం ఎడమ పక్క తొప్పి మీద గుమ్కీ పలికినప్పుడు ఆ స్వరం జారుతూ పైకి వెళ్లడం వినిపించాలి. బాస్ ఉబ్బిన స్పీకరులో జారుడు ఉండదు, ఒకే చోట 'ధం' అని మోగి ఆగుతుంది. అమ్మకాల పట్టికలో పైనుండే చాలా స్పీకర్లు దొరికిపోయేది ఇక్కడే, ఎందుకంటే షాపులో రెండు నిమిషాల్లో మనసు దోచడానికి వాటి బాస్ పెంచి ఉంటారు. కుడి పక్క దెబ్బ పొడిగా, చర్మం తగిలినట్టు ఉండాలి. తంబురా గాయకుడి వెనక పొరలు పొరలుగా వినబడాలి, ఒకే జుమ్మనే హోరులా కాదు.

ఒక సంగతి గుర్తుంచుకోండి. డిసెంబరులో కచేరీ సభల్లో మనం వినేది కూడా మైకుల్లోంచి, హాలు స్పీకర్లలోంచి వచ్చేదే. కొలబద్ద కావాలంటే మైకు లేని చోట వినండి. పక్కింటి అమ్మాయి వీణ సాధన చేస్తుంటే పది నిమిషాలు కూర్చుంటే చాలు, చెవికి ఒక ఆధారం దొరుకుతుంది.

నేను పాత తెలుగు పాటలే వింటాను. వాటికి ఇంత అవసరమా?

ఇంకా ఎక్కువ అవసరం. ఆ పాటలు చాలావరకు ఈ ఊళ్లోనే, కోడంబాక్కం, వడపళని చుట్టుపక్కల స్టూడియోల్లో, మోనోలో రికార్డు చేశారు. ఘంటసాల గొంతు, దాని కింద వాద్యబృందం మొత్తం ఒకే ట్రాకులో ఇరుకుగా కూర్చుని ఉంటాయి. స్పీకరు మధ్య స్థాయిలో కొంచెం తప్పటడుగు వేసినా మాట మసకబారుతుంది.

మోనో పాట వల్ల ఇంకో లాభం. టూల్ పరీక్షల్లో తేలిన విషయం: ఒకే స్పీకరు మీద వింటే లోపాలు ఎక్కువ బయటపడతాయి, రెండు కలిస్తే స్టీరియో వాటిని కప్పేస్తుంది. కాబట్టి షాపులో ఒక పక్క తీసేయించి, ఒక్కదాని మీద పాత పాట వినండి. తర్వాత రెండూ పెట్టించండి. గొంతు సరిగ్గా మధ్యలో ఒక మనిషి వెడల్పున నిలబడాలి.

## ఇంటికి తెచ్చాక

షాపులో తేనెలా ఉంది, ఇంట్లో బొంయ్ బొంయ్ అంటోంది. మోసపోయానా?

స్పీకరు అదే, గది మారింది. షాపు డెమో గదిలో కార్పెట్, కర్టెన్లు, మెత్తని సోఫాలు ఉంటాయి. మన ఫ్లాట్‌లో టైల్స్ నేల, కాంక్రీటు గోడలు, పైన స్లాబు. 200, 300 హెర్ట్జ్ కింద మీరు వినేది స్పీకరు కంటే గదినే.

లెక్క చూపిస్తాను. ఎదురెదురు గోడల మధ్య 11 అడుగులు, అంటే దాదాపు 3.4 మీటర్లు ఉందనుకోండి. శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది. 343ని 3.4 రెట్టింపుతో భాగిస్తే సుమారు 50 హెర్ట్జ్. ఆ స్వరం వచ్చినప్పుడల్లా గోడ దగ్గర ఉబ్బుతుంది, గది నడిమధ్యలో దాదాపు మాయమవుతుంది. వెనక గోడకి ఆనించిన సోఫాలో కూర్చున్నవాళ్లకి బొంయ్ అనేది అందుకే. సోఫాని ఒకటిన్నర, రెండు అడుగులు ముందుకి లాగండి. స్పీకర్లను మూలల్లోంచి బయటికి తెండి, గోడకి వీలైనంత దూరం జరపండి. వెనక రంధ్రం ఉన్నవైతే అందులో మెత్తని స్పాంజి ముక్క పెట్టి చూడండి. ఇంకా ఉంటే ఆంప్‌లో రూమ్ కరెక్షన్ (గదిని బట్టి శబ్దాన్ని సరిదిద్దే సౌకర్యం) ఉందేమో చూసి బాస్ వరకే వాడండి. పై స్థాయిల్లో స్పీకరును అలాగే వదిలేయడం మంచిది.

ఒకే మోడలు గురించి ఇద్దరు కొన్నవాళ్లు ఉత్తరం, దక్షిణంగా మాట్లాడేది కూడా చాలాసార్లు గది వల్లే.

200 గంటలు మోగిస్తే బాగుపడుతుందన్నారు. ఎదురుచూడనా?

కొత్త కోన్ అంచులు మొదట్లో కొద్దిగా వదులవుతాయి, ఆ తేడా స్వల్పం. ఎక్కువగా మారేది మన చెవి, ఆ సౌండుకి అలవాటు పడుతుంది. ఎదురుచూస్తూ కూర్చుంటే వాపసు గడువు దాటిపోతుంది. మొదటి వారంలో నచ్చకపోతే మార్చేయండి.

## కొన్నేళ్ల తర్వాత

చెన్నై గాలికి స్పీకర్లు పాడవుతాయంటారు. నిజమా?

నిజం. బాస్ పలికే పెద్ద డ్రైవరు, అంటే వూఫరు, దాని కోన్ చుట్టూ ఉండే మెత్తని రింగు ఫోమ్‌తో చేసినదైతే, తేమకి, వేడికి ఆ ఫోమ్ లోపల్నుంచి విరిగిపోతుంది. బెసంట్ నగర్, తిరువాన్మియూరు లాంటి సముద్రపు గాలి తగిలే ఇళ్లలో ఇంకా ముందే. పైకి బాగానే కనిపిస్తుంది. బొటనవేలితో మెల్లగా నొక్కితే తడిసి ఆరిన బిస్కెట్‌లా పొడిపొడిగా వేలికి అంటుకుంటుంది. రబ్బరు రింగు ఉన్నవి చాలా ఎక్కువ కాలం నిలుస్తాయి. కొనేముందు గ్రిల్ తీయించి ఏ రింగో చూడండి, ఏ రేటింగులోనూ ఈ సంగతి ఉండదు. పెట్టె ఎండీఎఫ్‌ది (చెక్క పొడిని అతికించి చేసిన పలక) అయితే నేల మీద నేరుగా పెట్టొద్దు. తడి గుడ్డతో తుడిచిన ప్రతిసారీ అడుగు అంచు కొంచెం కొంచెంగా ఉబ్బుతుంది.

అయితే పాపులారిటీ ఎందుకూ పనికిరాదా?

పనికొస్తుంది, రిపేరు దగ్గర. ఎక్కువ అమ్ముడుపోయిన మోడలుకి ఫోమ్ రింగు సరిపడే సైజులో దొరుకుతుంది, ట్వీటరు డయాఫ్రమ్ దొరుకుతుంది, దాన్ని ఇంతకుముందు విప్పిన మెకానిక్ దొరుకుతాడు. అమ్మాలనుకుంటే కొనేవాడూ త్వరగా వస్తాడు. వినడానికి సమానంగా ఉన్న రెండు జతల్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే నేను ఎక్కువ పోయేదాన్నే తీసుకోమంటాను, ఈ కారణంతోనే. మనదేశంలో తయారయ్యేవి కూడా చూడండి. కోల్‌కతా సోనోడైన్‌ లాంటివాళ్లు ఎన్నో ఏళ్లుగా స్పీకర్లు చేస్తున్నారు.

ఒకప్పుడు పేరున్న మోడలు సెకండ్ హ్యాండ్‌లో వచ్చింది. తీసుకోనా?

పేరు చూసి కాదు, ఆ జతను చూసి తీసుకోండి. రెండు అరచేతుల వేళ్లు విప్పి కోన్‌ని చుట్టూ సమానంగా మెల్లగా లోపలికి నొక్కండి. లోపల గరగరమంటే కోన్‌ని కదిలించే తీగచుట్ట, అంటే కాయిల్, రాసుకుంటోందని అర్థం, వదిలేయండి. రెండు ట్వీటర్ల దగ్గరా చెవి పెట్టి ఒకే పాట వినండి, ఒకటి మందంగా ఉంటే క్రాసోవర్‌లో కెపాసిటర్లు ఎండిపోయి ఉండొచ్చు. అవి మార్చడం పెద్ద ఖర్చు కాదు, కానీ ఆ మేరకు బేరం ఆడాలి. ఒరిజినల్ వూఫరా, మధ్యలో ఎవరైనా వేరేది బిగించారా అని వెనక నంబరు చూడండి. పాపులర్ మోడళ్లలో ఈ మార్పిడి ఎక్కువ.

మా నాన్నగారికి 72 ఏళ్లు. ఆయన వినికిడికి ఏదైనా ఒకటేగా, ఎక్కువ పోయేది ఏదో ఒకటి కొనేస్తే సరిపోదా?

వయసుతో ముందు తగ్గేది పై స్థాయి వినికిడి. అంతమాత్రాన తేడా తెలియదనుకోకండి. గొంతు ఉండే మధ్య స్థాయి చాలామందికి బాగానే మిగిలి ఉంటుంది, ఆయన వెతికేది మాటనే. పరీక్షల్లో తేలిందేమంటే, వినికిడి తగ్గినవాళ్ల తీర్పులు ఒకరికొకరికి పొంతన లేకుండా ఉంటాయి. కాబట్టి నలుగురు మెచ్చిందని ఆయనకి కొనడం ఇంకా పనికిరాని పద్ధతి. ఆయన్నే షాపుకి తీసుకెళ్లండి. అక్కడ ఆయన ఇష్టపడే పాట మామూలు వాల్యూమ్‌లో పెట్టించి, చరణంలో మాటలు తిరిగి చెప్పమనండి. ఏ జత మీద తడుముకోకుండా చెప్పారో అది తీసుకోండి. కుర్చీకి ఆరేడు అడుగుల దూరంలో, చెవి ఎత్తులో ట్వీటరు ఉండేలా స్టాండు కూడా అదే రోజు కొనండి.